నేరుగా యజమాని నుంచి పాత కారు కొనేటప్పుడు ప్రమాద సంకేతాలను పసిగట్టడం ఎలా?

బయటి నుంచి చూస్తే ఆ కారు అద్దంలా మెరుస్తోంది. సీట్లకు కొత్త తొడుగులు, కాళ్ల కింద కొత్త మ్యాట్లు, తలుపు తెరవగానే గుప్పుమనే సుగంధం. మా చెల్లెలి కోసం చూడటానికి వెళ్లాం. యజమాని మర్యాదగా మాట్లాడాడు, అడిగిన కాగితమల్లా చూపించాడు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. చెల్లెలికి బండి నచ్చేసింది. నేను డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకుని, ఇక రానని మొరాయించేదాకా మెల్లగా బయటికి లాగాను. మొదటి మూరెడు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత వచ్చిన భాగం మీద మట్టి రంగు మరక, దాని అంచున వంకర గీత. వేలితో రుద్దితే మెత్తని పొడి రాలింది. వరద నీటిలో మునిగి తేలిన బండి అది. కంటికి కనిపించేవన్నీ కడిగారు, మార్చారు. చుట్ట లోపల దాగిన బెల్టును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పాత కారు దగ్గర మూడు సాక్ష్యాలు ఉంటాయి: యజమాని చెప్పే మాట, కాగితాల్లో రాసి ఉన్నది, కారు ఒంటి మీద కనిపించేది. ఈ మూడూ ఒకే కథ చెబుతుంటే చిన్నాచితకా లోపాలున్నా కొనవచ్చు. అరిగిన టైర్లకు, గీతపడిన తలుపుకు, నీరసించిన బ్యాటరీకి లెక్క కట్టి ధరలో తగ్గించుకోవచ్చు. ఒక సాక్ష్యం మరొకదాన్ని కాదంటే మాత్రం ఆగిపోవాలి. బయటపడిన అబద్ధం వెనుక బయటపడనివి ఎన్ని ఉన్నాయో ఏ మెకానిక్కూ లెక్క కట్టలేడు. కింద చెప్పిన మెట్లన్నీ ఈ మూడు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూసుకోవడానికే.

నేరుగా యజమాని దగ్గర కొనడంలో లాభం ఉంది. మధ్యవర్తి వాటా ఉండదు, బండిని ఇన్నాళ్లూ నడిపిన మనిషితోనే మాట్లాడవచ్చు. అయితే చాలా దేశాల్లో వినియోగదారుల రక్షణ చట్టాలు వ్యాపారులు చేసే అమ్మకాలకు వర్తించినంతగా, ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకాలకు వర్తించవు. డబ్బు చేతులు మారాక మొర పెట్టుకునే చోటు తక్కువ. చూడాల్సిందంతా ముందే చూసుకోవాలి.

1. ఫోనులోనే సగం పని పూర్తి చేయండి

ప్రకటనలోని ఫోటోలను తీరిగ్గా చూడండి. తడిసిన కారు ఫోటోల్లో గీతలు, సొట్టలు, రంగు తేడాలు కనిపించవు. అందుకే కొందరు కడిగిన వెంటనే ఫోటోలు తీస్తారు. ఒక పక్క నుంచి ఒక్క ఫోటో కూడా లేకపోతే ఆ పక్క ఏముందో అడగండి. అలాంటి కార్లన్నిటి కంటే ధర బాగా తక్కువగా ఉంటే దానికి కారణం ఉంటుంది. అది ఇంకా మీకు చెప్పలేదు, అంతే.

ఫోను ఎత్తగానే కారు పేరు చెప్పకుండా, "మీరు అమ్ముతున్న కారు గురించి మాట్లాడదామని చేశాను" అనండి. సొంత కారు అమ్ముకునేవాడు వెంటనే మాటల్లోకి దిగుతాడు. "ఏ కారు?" అని ఎదురు ప్రశ్న వస్తే, అతని దగ్గర అమ్మకానికి నాలుగైదు కార్లు ఉన్నాయన్నమాట. వ్యాపారం చేయడం తప్పు కాదు. వ్యాపారి మామూలు యజమానిలా నటించడమే తప్పు. అది మొదటి అబద్ధం.

ఆ తర్వాత తిన్నగా అడగాల్సినవి అడగండి. కారు మీ పేరు మీదే ఉందా? ఎన్నేళ్లుగా మీ దగ్గర ఉంది? మీకంటే ముందు ఎంతమంది చేతులు మారింది? ఎందుకు అమ్ముతున్నారు? అప్పు ఏమైనా ఉందా? ఎక్కడైనా గుద్దుకుందా, రంగు వేయించారా? సర్వీసు బిల్లులు ఉన్నాయా? జవాబులను తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు కానీ, ఎదురుగా కలిసినప్పుడు అవే ప్రశ్నలు మరో వరుసలో అడిగితే ఆ కాగితం విలువ తెలుస్తుంది. నిజం రెండోసారి చెప్పినా అలాగే వస్తుంది. అల్లిన కథలో సంవత్సరాలు, కిలోమీటర్లు జారిపోతాయి.

చివరగా ఒక కోరిక కోరండి: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." ఎందుకో ఇంజిన్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

చూడకముందే అడ్వాన్సు అడిగితే సంభాషణ అక్కడితో ముగించండి. "ఇంకొకరు కూడా అడుగుతున్నారు, కొంచెం పంపితే మీ కోసం ఆపుతాను" అన్నా, "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు అందగానే కారు పంపిస్తారు" అన్నా ఒకటే. ఆ కారు అసలు ఉండకపోవచ్చు కూడా.

2. ఆ మోడల్ గురించి చదువుకుని వెళ్లండి

ప్రతి మోడల్‌కూ తనదైన బలహీనత ఉంటుంది. ఒకదానికి గేర్‌బాక్స్, ఒకదానికి టర్బో, ఇంకొకదానికి స్టీరింగ్ మోటారు. ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంజిన్‌లో వాల్వులను, పిస్టన్లను ఒకే లయలో కదిలించే టైమింగ్ బెల్టు సంగతి. ఆ ఇంజిన్‌కు ఉన్నది బెల్టా, గొలుసా? బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్నేళ్లకు మార్చాలి? గడువు దాటిన బెల్టు తెగితే, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని లెక్క వేసుకోండి.

కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలేమైనా ఆ కారుకు మిగిలి ఉన్నాయేమో కూడా చూడండి. జపాన్ కంపెనీ తకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల ఉదంతమే ఉదాహరణ. వేడికి, తేమకు లోపలి రసాయనం దెబ్బతిని, గుద్దుకున్న క్షణంలో ఎయిర్‌బ్యాగును నింపే లోహపు డబ్బా పేలి ముక్కలు మనుషులకు గుచ్చుకున్నాయి. 2008లో మొదలై ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 కోట్ల పరికరాలను వెనక్కి పిలిచారు. చేతులు మారిన పాత కార్లకు ఆ నోటీసులు అందక, మార్చకుండా మిగిలిపోయినవి ఉన్నాయి. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబరు కొడితే సంగతి తెలుస్తుంది, మార్పిడి ఉచితంగా చేస్తారు.

3. పట్టపగలు, యజమాని ఇంటి దగ్గర, తోడుతో

సాయంత్రం చీకటిలో, వానలో, భూగర్భ పార్కింగులో కారు చూడకండి. దీపాల వెలుగులో రెండు రకాల ఎరుపు ఒకేలా కనిపిస్తాయి. యజమాని ఇంటి దగ్గరే కలుద్దామనండి. కాగితాల్లో ఉన్న చిరునామా, మీరు నిలబడిన గుమ్మం ఒకటేనా చూడండి. "ఫలానా పెట్రోలు బంకు దగ్గరికి రండి, నేనే తెస్తాను" అని పట్టుబడితే అతని ఇల్లు ఎక్కడో మీకు తెలియకూడదని అర్థం చేసుకోవాలి. వెంట ఒకరిని తీసుకెళ్లండి. కారు మీద మనసు పడని మనిషి అయితే మరీ మంచిది. డబ్బు మాత్రం ఆ రోజు తీసుకెళ్లకండి.

4. కారు కంటే ముందు కాగితాలు

చాలామంది కారు చుట్టూ అరగంట తిరిగి, నచ్చాక కాగితాలు అడుగుతారు. అప్పటికి మనసు ఒప్పేసుకుని ఉంటుంది. కాగితంలో తేడా కనిపించినా, "సర్దుకుంటుందిలే" అనిపిస్తుంది. అందుకే వరుస మార్చండి.

రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరు, ఎదురుగా ఉన్న మనిషి గుర్తింపు కార్డులోని పేరు ఒకటే కావాలి. "మా బావమరిది కారు, నేను అమ్మి పెడుతున్నాను" అంటే ఆ బావమరిదితో మాట్లాడించమనండి. సంతకం చేయాల్సింది ఆయనే. యజమాని మరణించి ఉంటే వారసుల హక్కు తేలాకే బేరం. పత్రం నకలు అయితే అసలు ఏమైందో అడగండి. పోయి ఉండవచ్చు, అప్పు ఇచ్చినవారి దగ్గరే తాకట్టులో ఉండవచ్చు కూడా. అప్పు తీరని కారును కొంటే, కిస్తీలు ఆగిన రోజున బండిని పట్టుకుపోయేది మీ ఇంటి ముందు నుంచే. కాబట్టి అప్పు తీరినట్టు రుణదాత రాసిచ్చిన పత్రం చూడాలి, అది రిజిస్ట్రేషన్ రికార్డులోకి ఎక్కిందా లేదా కూడా చూడాలి.

ఇప్పుడు ఛాసిస్ నంబరు. 1980ల నుంచి దాదాపు అన్ని కార్లకూ ఇది 17 అక్షరాలు, అంకెల వరుస. 1, 0 అంకెలతో పొరబడకుండా ఉండేందుకు ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలను ఇందులో వాడరు. నంబరులో ఆ అక్షరాల్లో ఏదైనా ఉంటే అది అసలుది కాదు. సాధారణంగా ఈ నంబరు ముందు అద్దం కింది మూలన, డ్రైవరు తలుపు చట్రం మీది పలకపై, బాడీ లోహం మీద చెక్కి ఉంటుంది. అన్నిచోట్లా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పత్రంతో సరిచూడండి. చుట్టూ గీసిన ఆనవాళ్లు, అక్కడ మాత్రమే కొత్త రంగు, వంకరగా కూర్చున్న అక్షరాలు, వదులైన రివిట్లు కనిపిస్తే ఇక ఆ బండితో పని లేదు. దొంగ బండి కావచ్చు, రెండు బళ్లను అతికించినదీ కావచ్చు.

సర్వీసు బిల్లులను తేదీల వరుసలో పరవండి. ప్రతిదాని మీదా మీటరు అంకె ఉంటుంది. అది పెరుగుతూనే పోవాలి. ఒక బిల్లులో 68 వేలు, తర్వాతి ఏడాది బిల్లులో 51 వేలు ఉంటే వేరే రుజువు అక్కర్లేదు. ఆరేళ్ల సర్వీసు పుస్తకంలో అన్ని ముద్రలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, నలగని కాగితం మీద ఉంటే ఒకే ఊపులో కూర్చుని నింపినదని అనుమానించాలి. తక్కువ కాలంలో ఎక్కువ చేతులు మారిన బండినీ అనుమానించాలి. ఆరు నెలలకొకరు వదిలించుకున్నారంటే వాళ్లందరికీ ఏదో ఒకటి తెలిసి ఉంటుంది.

5. బాడీ: గుద్దుకున్న చోటు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది

కారుకు పది అడుగుల దూరంలో నిలబడి, పక్క నుంచి వాలుగా చూడండి. ఆకాశం నీడ తలుపుల మీద తిన్నగా పారుతూ వచ్చి ఒకచోట అలలా వంగితే అక్కడ లప్పం పెట్టారు. తర్వాత దగ్గరికి వెళ్లి తలుపులు, బానెట్, డిక్కీల చుట్టూ ఉన్న సందులు చూడండి. కుడివైపు సందు ఎంత ఉందో ఎడమవైపూ అంతే ఉండాలి. ఒకవైపు వేలి గోరు దూరి, మరోవైపు దూరకపోతే ఏదో ఊడదీసి బిగించారు.

బానెట్ ఎత్తి, దాన్ని, ముందు మడ్‌గార్డులను పట్టి ఉంచే బోల్టుల తలలు చూడండి. ఫ్యాక్టరీలో బాడీతో పాటే వాటికీ రంగు పడుతుంది. పానా పెట్టి తిప్పితే అంచున రంగు చిట్లుతుంది. ఆ చిట్లు కనిపిస్తే ఆ భాగాన్ని ఎప్పుడో విప్పారు. తలుపు రబ్బరును కొంచెం వెనక్కి మడిచి చూడండి. రబ్బరు మీద సన్నని రంగు పొగ పేరుకుని ఉందా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసేలా రంగు అంచు వేలికి తగులుతోందా? అయితే అక్కడ మళ్లీ రంగు కొట్టారు. రంగు మందం కొలిచే చిన్న పరికరం దొరికితే ఇంకా తేలిక. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద మాత్రమే 300 దాటితే మళ్లీ రంగు పడింది, వెయ్యి దాటితే కింద లప్పం ఉంది. పరికరం లేకపోతే గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకు మీద అతుక్కునేది లప్పం మీద జారిపోతుంది. అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదని గుర్తుంచుకోండి.

బంపరుకు రంగు వేయించారనో, తలుపు మీద సొట్ట తీయించారనో మంచి కారును వదులుకోనక్కర్లేదు. నడిచే బండికి అవి సహజం. భయపడాల్సింది చట్రానికి తగిలిన దెబ్బకు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, అదనపు చక్రం తీసి, కింది గుంతలో ముడతలు, కొత్త వెల్డింగు, అక్కడి వరకే పూసిన నల్లని పూత ఉన్నాయేమో చూడండి. ముందువైపు రేడియేటర్‌ను మోసే అడ్డ కమ్మీ, దాని వెనుక ఇంజిన్ పక్కన పొడవుగా పోయే రెండు దూలాలు తిన్నగా ఉన్నాయా చూడండి. తలుపుల మధ్య స్తంభాలను కోసి అతికించిన బండి తదుపరి ప్రమాదంలో లోపలివాళ్లను మొదట కాపాడినట్టు కాపాడదు. అలాంటిది ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో తయారీ గుర్తులు ఉంటాయి. అన్నీ ఒకే తయారీదారువై ఉండి, ఒక్కటి వేరుగా ఉంటే, "ఇది ఎందుకు మార్చారు?" అని అడగండి. రాయి తగిలి పగిలిందనే మాట నమ్మదగినదే. ఆ అద్దం ఉన్న తలుపు మీద కొత్త రంగు కూడా ఉంటే మాత్రం రెండూ కలిపి ఆలోచించండి.

6. నీట మునిగిన బండి

దీని మీద ఎక్కువ రాస్తున్నాను. ఇందులో దెబ్బ వెంటనే తెలియదు. వైర్ల కలయికల్లో తుప్పు నెలల తరబడి పాకుతుంది. కొన్న మూడో నెలలో అద్దం దిగదు, ఐదో నెలలో దీపాలు వాటంతటవే వెలుగుతాయి, ఏడాది తిరిగేసరికి ఎయిర్‌బ్యాగు కంప్యూటరో, ఇంజిన్ కంప్యూటరో చచ్చిపోతుంది. అప్పటికి అమ్మినవాడి ఫోను మోగదు.

సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగి చూడండి. సీటు కిందికి టార్చి వేసి పట్టాలను, బోల్టులను చూడండి. మామూలు కారులో అక్కడ దుమ్ము ఉంటుంది, ముదురు తుప్పు ఉండదు. బ్రేకు పెడలు పైభాగాన, డ్యాష్‌బోర్డు కింద కనిపించే ఇనుప కమ్మీల మీదా అంతే. కార్పెట్ మూల ఎత్తి అడుగున ఉన్న మెత్తని పొరను నొక్కండి. పైన ఎండినా అది వారాల తరబడి చెమ్మగానే ఉంటుంది. హెడ్‌లైటు లోపల ఆవిరి, నీటి గీత కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. అదనపు చక్రం గుంతలో, బ్యాటరీ కింద పళ్లెంలో, తలుపుల అడుగున నీరు పోయే చిన్న కన్నాల్లో సన్నని ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి. ఒండ్రు చేరే చోట్లన్నీ కడిగేవాడి చెయ్యి చేరని చోట్లే.

అద్దాలన్నీ ఎత్తి ఏసీని కాసేపు ఆపి లోపల కూర్చోండి. తర్వాత పంకా మాత్రం తిప్పి మొదటి గాలి వాసన చూడండి. బూజు వాసన మొదటి నిమిషంలోనే వస్తుంది. ఎండాకాలం కూడా కాకుండా కారంతా సెంటుతో నిండి ఉంటే, ఆ సెంటు దేన్ని కప్పడానికో తెలుసుకునేదాకా కదలకండి.

7. మీటరు చెప్పేది, పెడళ్లు చెప్పేది

డిజిటల్ మీటర్లు వచ్చాక తిప్పడం కష్టమవుతుందనుకున్నారు. నిజానికి ఒక చిన్న పరికరం తగిలించి నిమిషాల్లో అంకె మార్చేస్తున్నారు. కాబట్టి మీటరును నమ్మకుండా అరుగుదలను చదవాలి. 35 వేల కిలోమీటర్లు చూపే కారులో క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు నున్నగా అరిగి ఉండకూడదు. కొత్త రబ్బర్లు వేసి ఉంటే అది ఇంకా పెద్ద ప్రశ్న. స్టీరింగ్ పైభాగం చేతులు ఆనే చోట మెరుస్తోందా, డ్రైవరు సీటు బయటి అంచు నలిగి కుంగిందా, గేరు పిడి మీద అంకెలు చెరిగాయా చూడండి. స్టీరింగ్‌కు, సీట్లకు తొడుగులు ఉంటే విప్పి చూపించమనండి.

టైర్ల పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారంలో తయారైనవి. కారు కంటే టైర్లు మూడేళ్లు కొత్తవై, మీటరు మాత్రం 20 వేలే చూపిస్తుంటే మొదటి టైర్లు అంత త్వరగా ఎలా పోయాయి? జవాబు ఉండవచ్చు, అడగండి. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగితే చక్రాల అమరిక తప్పింది. సరిచేయించినా మళ్లీ తప్పుతుంటే చట్రం వంగి ఉండవచ్చు.

8. చల్లని ఇంజిన్

వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వద్దన్నా వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు వచ్చే ఏదో శబ్దాన్నో, పొగనో, స్టార్ట్ కాని ఇబ్బందినో దాచడానికి ముందే నడిపారని అనుమానించాలి. నేనైతే రెండు మూడు గంటలు ఆగి మళ్లీ వస్తానంటాను.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కూలెంట్ శుభ్రమైన రంగులో ఉండాలి. తుప్పు నీరు ఉంటే పట్టించుకోలేదని అర్థం. పైన నూనె తేలుతుంటే ఇంజిన్ పైభాగాన్ని బిగుతుగా మూసి ఉంచే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీని తుడిచి ముంచి చూడండి. నల్లగా ఉండటం తప్పు కాదు, డీజిల్ బండిలో మరీ సహజం. ఆయిల్ పోసే మూత కింద లేత గోధుమ రంగు నురగ దట్టంగా పేరుకుంటే ఆయిల్‌లో నీరు కలుస్తోంది. దగ్గరి దూరాలకే తిరిగే బండిలో చల్లని రోజుల్లో కొద్దిపాటి నురగ రావచ్చు కాబట్టి, దీన్ని కూలెంట్‌తో కలిపి చూసి తేల్చుకోవాలి. ఇంజిన్ గది మొత్తం తళతళలాడేలా కడిగి ఉంటే ఆయిల్ కారిన మరకలు పోతాయి. మంచి అభిరుచి కావచ్చు, అయినా బండి నడిపి వచ్చాక మళ్లీ బానెట్ ఎత్తి చూడండి.

స్టార్ట్ చేసేటప్పుడు మీ తోడు మనిషిని సైలెన్సర్ వెనుక నిలబెట్టండి. చల్లని ఉదయం కాసేపు వచ్చి పోయే పల్చని తెల్లని ఆవిరి మామూలే. వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లని పొగ వస్తుంటే కూలెంట్ కాలుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్‌లో మాత్రమే వస్తే వాల్వు సీళ్లు, ఎక్సలేటర్ నొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. నల్లని పొగ ఇంధనం ఎక్కువ పోతోందని చెబుతుంది.

9. వెలగాల్సిన దీపాలు వెలగాలి

ఇంజిన్ అందుకోకముందు తాళం 'ఆన్' మెట్టుకు తిప్పి డ్యాష్‌బోర్డు చూడండి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఇంజిన్ దీపాలు వెలిగి, కొద్ది సెకన్లలో లేదా ఇంజిన్ అందుకోగానే ఆరాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే లోపాన్ని దాచడానికి ఆ బల్బు తీసేసి ఉండవచ్చు. ఎయిర్‌బ్యాగు దీపం సరిగ్గా ఆయిల్ దీపంతో పాటే ఆరితే రెండింటినీ ఒకే తీగకు కలిపి ఉండవచ్చు. గుద్దుకుని ఎయిర్‌బ్యాగులు పేలిన కార్లలో కొత్తవి పెట్టకుండా ఇలా చేస్తారు. ప్రాణాలతో చెలగాటమది.

కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ ఒకటి సంపాదించండి. దాన్ని తగిలించే సాకెట్టు అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి. తర్వాత దాదాపు అన్నిచోట్లా వచ్చింది. స్కానర్ లోపాల సంకేతాలతో పాటు, కారు తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నదీ చూపిస్తుంది. సంకేతాలు చెరిపేస్తే ఆ పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" స్థితికి వెళతాయి, మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. లోపం ఒక్కటీ లేదు, పరీక్షలు ఒక్కటీ పూర్తి కాలేదు అని చూపిస్తే నిన్ననో ఇవాళో ఎవరో తుడిచారు. బ్యాటరీ మార్చినా ఇలాగే అవుతుంది కాబట్టి కారణం అడిగి, నాలుగు రోజులాగి మళ్లీ చూస్తానని చెప్పండి.

విద్యుత్ కారు అయితే ఇంజిన్ సంగతులన్నీ వదిలి బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూపే నివేదిక అడగండి. చాలా కంపెనీలు ప్రధాన బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. అది ఎంత మిగిలి ఉందో, కొత్త యజమానికి బదిలీ అవుతుందో తెలుసుకోండి.

10. నడపడం

కనీసం అరగంట నడపండి. పాటలు కట్టేయండి. యజమాని గట్టిగా మాట్లాడుతూ మీ చెవిని ఆక్రమిస్తుంటే కాసేపు ఆగమని మర్యాదగా చెప్పండి.

నాలుగో గేరులో 40, 50 వేగంతో పోతూ ఎక్సలేటర్ ఒక్కసారి నొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే పార్కు నుంచి డ్రైవులోకి మార్చినప్పుడు బండి అందుకోవడానికి ఆలస్యం చేస్తోందా, ధడేల్‌మని కుదుపుతోందా గమనించండి. గేర్‌బాక్స్ మరమ్మతు పాత కారు ధరలో పెద్ద వంతును మింగేస్తుంది. ఖాళీ చోట స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. ముందు చక్రం దగ్గర టక్ టక్ మని వరుసగా మోగితే యాక్సిల్ జాయింట్ అరిగింది. సమతలంగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్‌ను తేలిగ్గా వదిలితే ఒక పక్కకు లాగకూడదు. బ్రేకు గట్టిగా వేసినప్పుడు స్టీరింగ్ వణకకూడదు. గతుకుల మీద కింద నుంచి దడదడలు రాకూడదు. రద్దీలో ఏసీ వేసి ఆగి ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలవాలి. తిరిగి వచ్చాక ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద అందుకోని బళ్లు కొన్ని ఉంటాయి. కింద నేల మీద చుక్కలు పడ్డాయేమో చూడండి. ఏసీ నీరు రంగు లేకుండా ఉంటుంది.

11. మీ మెకానిక్, మీరు ఎంచుకున్న చోట

ఇప్పటిదాకా చెప్పినదంతా ఏ కారును మెకానిక్ దాకా తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఆపైన బండిని లిఫ్టు మీదికి ఎత్తి అడుగు చూడాలి, ఇంజిన్ సిలిండర్లలోని ఒత్తిడి (కంప్రెషన్) కొలవాలి. యజమాని చెప్పిన మెకానిక్ వద్దు. ఖర్చు మీరే భరిస్తానన్నా పరీక్షకు ఒప్పుకోకపోతే అది ఈ మొత్తంలో అన్నిటికంటే స్పష్టమైన హెచ్చరిక. నేను ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడను.

చెల్లెలు చివరికి కొన్న కారుకు ఎడమ వెనుక తలుపు కొత్త రంగుతో ఉంది. ఫోనులోనే దాని యజమానురాలు చెప్పింది: "గేటుకు రాసుకుంది, తలుపు మార్పించాం, బిల్లు ఉంది." మందం కొలిస్తే ఆ తలుపు ఒక్కటే తేడా చూపింది. బోల్టుల చిట్లు అక్కడే ఉంది. బిల్లులోని తేదీ బీమా కాగితంలోని తేదీతో కలిసింది. మెకానిక్ ముందు షాక్ అబ్జార్బర్లు పోయాయన్నాడు. ఆ ఖర్చు ధరలో తగ్గించమంటే ఆవిడ సగం తగ్గించింది. అంతటితో బేరం కుదిరింది.

12. డబ్బు ఇచ్చే రోజు

"ఇవాళే తేల్చండి, సాయంత్రం ఇంకొకరు వస్తున్నారు" అనే తొందరకు లొంగకండి. వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి. చెల్లింపు బ్యాంకులో, ఖాతా నుంచి ఖాతాకు, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న పేరు మీది ఖాతాకే చేయండి. "మా తమ్ముడి ఖాతాలో వేయండి" అంటే కారణం ఏదైనా ఒప్పుకోవద్దు.

అమ్మకపు పత్రం రెండు ప్రతులు రాసుకోండి. ఛాసిస్ నంబరు, మీటరు అంకె, తెలిసిన లోపాలు, ధర, తేదీతో పాటు అప్పగించిన గంట, నిమిషం కూడా ఉండాలి. ఉదయం ఎవరినో గుద్దిన బండి సాయంత్రం మీ చేతికి వస్తే ఆ నిమిషమే మిమ్మల్ని కాపాడుతుంది. యాజమాన్య బదిలీ దరఖాస్తు, బీమా మార్పు అదే రోజు మొదలుపెట్టండి. రెండు తాళాలూ తీసుకుని రెండింటితోనూ అక్కడే ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. రెండోది పోయిందంటే, ఇల్లు చేరగానే పాత తాళాల సంకేతాలను కారు జ్ఞాపకం నుంచి తొలగించి కొత్త తాళం చేయించుకోండి. పోయిందన్న తాళం ఎవరి జేబులో ఉందో మీకు తెలియదు.